నోర్ముయ్ బటన్

ఆ ఆఫీసులో పద్నాలుగు బల్లలున్నాయి. పదమూడింటి మీద మౌస్ ఉంటుంది. పద్నాలుగోదాని మీద ఉండదు. ఆ పద్నాలుగో బల్ల అక్కది. ఎలుక నిలవని బల్ల కాబట్టి చాటున ఆమెను పిల్లి మేడం అనుకునేవాళ్ళు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఎదురుగా అయితే పై అధికారి దగ్గర్నుంచి నేల తుడిచే ఆవిడ దాకా అందరికీ ఆమె అక్కే.

అది ఊరికి నీళ్ళిచ్చే ఆఫీసు. అక్క కూర్చునేది ఫిర్యాదుల విభాగంలో. కుళాయిలో బురద వస్తోందనీ, నీళ్ళు రాకపోయినా మీటరు మాత్రం గిర్రున తిరుగుతోందనీ, వీధి మలుపులో పైపు పగిలి వారమైనా పట్టించుకునే నాథుడు లేడనీ రోజుకు రెండొందల ఉత్తరాలు కంప్యూటర్లోకి వచ్చి పడతాయి. ప్రతిదీ చదవాలి. జవాబివ్వాల్సినదానికి ఇవ్వాలి, ఇంజినీర్ల మెడకు చుట్టాల్సినది చుట్టాలి, తేలిపోయినదాన్ని పక్కన పడెయ్యాలి. ఈ పనంతా అక్క మౌస్ ముట్టుకోకుండా చేసేది. ఒక కీ నొక్కితే కింది ఉత్తరం, ఒకటి నొక్కితే పై ఉత్తరం, ఒకటి నొక్కితే జవాబు రాసే గడి. పక్క బల్ల కళ్ళజోడాయన మౌస్ పట్టుకుని తెరంతా గాలించి ఒక ఉత్తరం తేల్చేలోపు ఆమె ఐదు తేల్చేసేది. "నీది ఉద్యోగమా, హార్మోనియం కచేరీనా అక్కా?" అనేవాడాయన.

ఆ హార్మోనియానికి మెట్లు సర్దిపెట్టింది ఆమె తమ్ముడు. ఈ కథ వాడిదీ ఆమెదీ. వాడు పోయాడు. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి మీ చేత అయ్యో అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. పోవడం ఒక్కటే అయితే, అందరూ పోయేవాళ్ళమే, ఇంత చెప్పుకోవాల్సిన పని లేకపోయేది.

ఐదేళ్ళ కిందట అక్క కుడి మణికట్టు మొరాయించింది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు తిమ్మిరెక్కి, గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. పదహారేళ్ళు మౌస్ తిప్పిన ఫలితం అన్నాడు డాక్టరు. మౌస్ అయినా మానండి, ఉద్యోగమైనా మానండి అని కూడా అన్నాడు. ఉద్యోగం మానేస్తే ఇల్లు గడవదు. అక్క పెళ్ళి చేసుకోలేదు. అమ్మ ఆమె దగ్గరే ఉండేది. ఉన్న ఒక్క తమ్ముడూ బస్సులో ఐదు గంటల దూరాన, ఒక మేడమెట్ల కింద చిన్న కొట్టు పెట్టుకుని పాడైన కీబోర్డులు బాగుచేసేవాడు. ఆ వీధిలో వాడి పేరు కీబోర్డు డాక్టరు.

సంగతి తెలిసి వాడు మర్నాడే స్క్రూడ్రైవర్ల సంచీతో దిగాడు. ఆ రెండో శనివారం, ఆదివారం ఇంట్లోనే ఆఫీసు ఉత్తరాల పెట్టె తెరిపించి, అక్క పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నాడు.

"అక్కా, నీ రోజు చెప్పు," అన్నాడు నోటుపుస్తకం తెరిచి.

"రోజు చెప్పడమేంట్రా?"

"సీట్లో కూర్చున్న దగ్గర్నుంచీ ఏమేం చేస్తావో చెప్పు. ఎక్కువసార్లు చేసే పనికి దగ్గరి కీ ఇస్తాను. ఎప్పుడో గానీ చెయ్యనిదానికి దూరపు కీ. నీ వేలు నడిచే దూరం తగ్గాలి, అంతే లెక్క."

"నేను ఎక్కువసార్లు చేసేది తిట్టుకోవడం."

"దానికి కీ అక్కర్లేదు. అది నీకు పుట్టుకతోనే వచ్చింది."

వంటింట్లోంచి అమ్మ కిసుక్కున నవ్వింది. ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో నవ్వులే నవ్వులు. తేలిపోయిన ఉత్తరాలు వెళ్ళి పడే చోటుకు వాడు అటక అని పేరు పెట్టాడు. అక్కడ పడ్డది పోదు, అలాగని కళ్ళెదుటా ఉండదు. జవాబు పంపగానే తర్వాతి ఉత్తరం దానంతటదే తెరుచుకునేలా చేశాడు. అక్కకు అది భలే నచ్చింది. నచ్చనిది ఇంకొకటి ఉందని చెప్పింది.

"కొందరుంటార్రా. పైపు బాగుచేశామని రాస్తే సంతోషం అని రాస్తారు. ఆ సంతోషం కింద పక్కింటాయన మరి మా పైపో అంటాడు. దాని కింద ఇంకొకడు. ఒక్క ఉత్తరానికి నలభై తోకలు. అటకెక్కించిన ప్రతిసారీ కొత్త తోకతో మళ్ళీ దిగొచ్చి నా ముందే కూర్చుంటుంది."

"దానికో మందుంది. ఈ కీ నొక్కావనుకో, ఆ ఉత్తరమూ, దానికి ముందుముందు పుట్టే తోకలూ అన్నీ చప్పుడు కాకుండా నేరుగా అటక మీదికే పోతాయి. నీకు కనపడవు. రాసినవాడికి ఆ సంగతి తెలీదు."

"వాడు కొత్త ఉత్తరం మొదలుపెడితే?"

"అది కనపడుతుంది. పాతదాని తోక పట్టుకుని రాస్తేనే అటక."

"బాగుందిరా. నోర్ముయ్ బటన్ అన్నమాట," అంది అక్క. ఆ పేరే ఖాయమైపోయింది.

అన్నీ అయ్యాక వాడు ఒక్క జాగ్రత్త చెప్పాడు. తమాషాలన్నీ మాని మరీ చెప్పాడు. "అక్కా, ఇది బాగా గుర్తుపెట్టుకో. జవాబు గడిలో చిన్న గీత మిణుకుమిణుకుమంటుంది చూడు, అది కనపడితేనే రాయి. గీత లేకుండా రాశావంటే నువ్వు కొట్టేవి అక్షరాలు కావు, హుకుములు. ఒక్కో కీ ఒక్కో పని చేసుకుంటూ పోతుంది."

"అలాగేలే," అంది అక్క. అన్నదే గానీ, టైపు పద్ధతిగా నేర్చుకోని మనిషి. కళ్ళు ఎప్పుడూ కీల మీదే ఉంటాయి, తెర మీద ఉండవు. మొదటి వారంలోనే ఒకరి పైపు ఫిర్యాదుకు గీత చూసుకోకుండా రెండు వాక్యాలు టకటకా కొట్టేసింది. తలెత్తి చూస్తే ఏడు ఉత్తరాలు అటక మీద ఉన్నాయి. వాడికి ఫోన్ చేస్తే అరగంట నవ్వి, ఒక్కోటీ ఎలా దింపాలో చెప్పాడు. "గీత చూడవే తల్లీ, గీత," అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం ఆ తప్పు మళ్ళీ జరగలేదు.

ఇక అమ్మ సంగతి. రెండేళ్ళ కిందట అమ్మను ఆసుపత్రిలో చేర్చారు. తొమ్మిది రోజులుంది. రోజూ వాడు ఫోన్ చేసి రేపొస్తాను అనేవాడు. రేపు వచ్చేది, వాడు వచ్చేవాడు కాదు. చివరి రోజున అమ్మకు మాట కూడా సరిగ్గా రావడం లేదు. "వాడు వచ్చాడా?" అని మాత్రం అడిగింది. "బస్సెక్కాడమ్మా, సగం దూరం వచ్చేశాడు," అని అక్క చెప్పింది. వాడు బస్సెక్కలేదని ఆమెకు తెలుసు. అమ్మ తల ఊపి కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

వాడు మర్నాడు వచ్చాడు. భార్య చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు. కుడిచెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. అందరూ వెళ్ళాక అక్క వాణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టి అంది.

"అమ్మకు చివరి మాటగా అబద్ధం చెప్పించావు నా చేత. ఇక నీ గొంతు నాకు వినిపించకు. ఫోన్ చెయ్యకు. ఈ గడప తొక్కకు. ఏమన్నా ఉంటే రాసి పంపు, చదవాలనిపిస్తే చదువుతాను."

వాడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. అక్క ఆ రోజే ఫోన్లో వాడి నంబరుకూ, మరదలి నంబరుకూ అడ్డుకట్ట వేసేసింది. కోపం ఆమెకు ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపం దిగిపోయాక మాత్రం అందరికంటే ఎక్కువ ఏడ్చేదీ ఆమే. దిగడానికి మూడు నెలలు పట్టింది. అమ్మ లేని ఇంట్లో ఒక్కతే తాళం తీసుకుని, ఒక్కతే తాళం వేసుకుని, వాడి నుంచి ఉత్తరం వస్తే బాగుండునని రోజూ అనుకునేది. తానే ముందు రాయొచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ అన్నాను. పంతం మనిషికి ఆ మాట ఎక్కదు.

ఒక మంగళవారం ఉత్తరం వచ్చింది. ఆఫీసు పెట్టెలోకే వచ్చింది. అక్క రోజూ తప్పకుండా చూసే చోటు అదేనని వాడికి తెలుసు. అందులో నాలుగే వాక్యాలున్నాయి. "అక్కా, అమ్మ పోయిన వారం నేనెందుకు రాలేకపోయానో నీకు చెప్పాలి. చెబితే వింటావా? నువ్వు ఊఁ అంటే రాస్తాను. అనకపోతే నీ ఇష్టం."

చదువుతుంటేనే అక్కకు కళ్ళు నిండిపోయాయి. పక్కన కళ్ళజోడాయన చూస్తాడేమోనని తల బాగా వంచేసుకుంది. వంచిన తల ఎత్తకుండా, మనసులో ఉన్నదంతా కొట్టేసింది. ముందు తిట్టింది. సన్నాసీ, మూడు నెలలా రాయడానికి అంది. తర్వాత, అమ్మ చీర ఒకటి నీకోసం దాచానురా, దుప్పటిలా కప్పుకుంటావని, అంది. ఊఁ అనడమేంటి, రాయడమేంటి, బస్సెక్కి వచ్చెయ్యి, నా గొంతు విని నాలుగు రోజులు తిట్లు తిని పో అంది. చివర్న పంపే కీ నొక్కింది. ముక్కు చీదుకుని తలెత్తింది. తెర మీద తర్వాతి ఉత్తరం తెరుచుకుని ఉంది. జవాబు పంపాక రోజూ జరిగేది అదే. వెళ్ళిందనుకుంది.

ఆ సాయంత్రం ఇల్లంతా కడిగింది. రెండో మంచం మీద దుప్పటి మార్చింది.

వాడు రాలేదు. జవాబూ రాలేదు. బుధ, గురు, శుక్ర, శని. ఆ వారం పై అధికారి ఆమెను పిలిచి, "ఏంటక్కా, ముగ్గురు మనుషులు ఆఫీసుకే వచ్చి గొడవ పెట్టారు, రాసిన ఉత్తరానికి జవాబే లేదని. నీ దగ్గర ఇలా ఎప్పుడూ జరగలేదే," అన్నాడు. అక్కకు ఆ మాట చెవికి ఎక్కలేదు. ఆ ముగ్గురి ఉత్తరాలూ ఏమయ్యాయో వెతికి ఉంటే అటక మీద దొరికేవి. వాటి పక్కనే ఇంకొకటీ దొరికేది. ఆమె వెతకలేదు. ఆ ముగ్గురికీ మళ్ళీ రాయమని చెప్పి పంపేసింది.

నెల గడిచింది, మూడు నెలలు గడిచాయి. నేను ఇంత దిగివచ్చి రాస్తే ఒక్క ముక్క పలకలేదు, వాడికెంత పొగరు అనుకుంది అక్క. ఇక చచ్చినా నేను రాయను అనుకుంది. అలా అనుకుంటూనే ప్రతిరోజూ తొమ్మిదీ పదికి సీట్లో కూర్చోగానే రాత్రి వచ్చిన ఉత్తరాల్లో వాడి పేరు కోసం వెతికేది. లేకపోతే మొహం గంటు పెట్టుకుని కుళాయిల మీద పడేది. ఈలోపు మణికట్టు బాగైంది. ఇక మౌస్ వాడుకోవచ్చన్నాడు డాక్టరు. ఆఫీసువాళ్ళు కొత్త మౌస్ తెచ్చి బల్ల మీద పెడితే అక్క దాన్ని సొరుగులో పడేసింది. వాడి మీద ఎంత కోపమైనా, వాడు సర్దిన కీలు మాత్రం వదల్లేదు.

అలా ఇరవై నెలలు.

మొన్న ఒక బుధవారం పదకొండు గంటలకు మరదలు ఆఫీసుకు వచ్చింది. చేతిలో గుడ్డసంచీ, భుజానికి హ్యాండ్‌బ్యాగు. మనిషి సగమైపోయింది. బల్లల మధ్య నుంచి నడిచి వస్తుంటే అక్క చూసింది, చూడనట్టు ఇంకో రెండు ఉత్తరాలు తేల్చింది.

"వదినా."

"నువ్వొచ్చావేంటి?" అంది అక్క తెర మీంచి చూపు తిప్పకుండా. "మీ ఆయనగారు రాయడం మర్చిపోయారా?"

"ఆయన పోయారు వదినా. తొమ్మిది రోజులైంది."

అక్క వేళ్ళు కీల మీదే ఉండిపోయాయి. కళ్ళజోడాయన లేచి, తన కుర్చీ మరదలి వైపు జరిపి, అవతలికి వెళ్ళిపోయాడు. గదిలో మిగతావాళ్ళ కీబోర్డుల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది.

"ఏమైంది?" అంది అక్క.

"నరాల జబ్బు. ముందు చేతులు, తర్వాత కాళ్ళు. చివరికి ఊపిరి. రెండేళ్ళ పైనే అయింది మొదలై."

"నాకెందుకు చెప్పలేదు?"

మరదలు గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ మాట అనడానికే ఐదు గంటలు బస్సులో కూర్చుని వచ్చింది. "తొంభై ఏడుసార్లు చెప్పారు వదినా. మీరు పలకలేదు. పోయినప్పుడు కబురు చేస్తానంటే వద్దన్నారు. బతికుండగా పలకని మనిషిని చావు పేరు చెప్పి లాక్కురావొద్దన్నారు."

"తొంభై ఏడేంటి? ఒక్కటి. నాకు వచ్చింది ఒక్కటే ఉత్తరం. నేను వెంటనే జవాబు రాశాను. వాడే పలకలేదు."

"మీ దగ్గర్నుంచి ఒక్క ముక్క రాలేదు వదినా. రోజూ చూసేవాళ్ళం."

"రాశాను. వచ్చెయ్యమని రాశాను. మంచం కూడా..." అక్క మాట ఆపేసి కీబోర్డు మీదికి వంగింది. పంపిన ఉత్తరాల జాబితా తీసింది. ఆ నెల, ఆ మంగళవారం. పొద్దున తొమ్మిదీ ఇరవైకి మీటరు గురించి ఒకరికి పంపిన జవాబు ఉంది. తొమ్మిదీ యాభైకి బురద నీళ్ళ గురించి ఇంకొకరికి. మధ్యలో ఏమీ లేదు. ఇంకోసారి చూసింది. ఏమీ లేదు.

అప్పుడు అర్థమైంది. ఒక్కసారిగా మొత్తం అర్థమైంది. తల వంచుకుని, కళ్ళనిండా నీళ్ళతో, గీత ఉందో లేదో చూడకుండా కొట్టుకుంటూ పోయింది. జవాబు గడి తెరిచే కీ నొక్కనేలేదు. ఆ తిట్లూ, అమ్మ చీరా, బస్సెక్కి వచ్చెయ్యీ, ఏదీ మాట కాలేదు. అన్నీ హుకుములయ్యాయి. ఆ హుకుముల్లో ఏదో ఒకటి నోర్ముయ్ బటన్. మొదటి దెబ్బకే పడిందో, నాలుగో దెబ్బకు పడిందో, వచ్చెయ్యమని తమ్ముణ్ణి పిలుస్తూ తన చేత్తోనే వాడి నోరు నొక్కేసింది.

అటక మీదికెక్కే కీ ఒకటుంది. ఎప్పుడో గానీ పనిలేదని వాడు దానికి బాగా దూరపు కీ ఇచ్చాడు, కుడివైపు పైమూల. ఐదేళ్ళలో అక్క దాన్ని నొక్కింది ఆ మొదటి వారంలోనే. ఇప్పుడు నొక్కింది. వాడి పేరు కొట్టింది. ఒకే ఒక్క వరుస వచ్చింది. వాడి పేరు, పక్కన అంకె, తొంభై ఏడు.

రెండోది మొదటిదానికి పది రోజుల తర్వాత రాసినది.

"అక్కా, నువ్వు ఊఁ అనలేదు. కోపం తగ్గలేదన్నమాట. అయినా రాస్తున్నాను, రాసి పంపమన్నది నువ్వే కాబట్టి. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనూ ఆసుపత్రిలోనే ఉన్నాను. నా కుడి బొటనవేలు నా మాట వినడం మానేసింది. స్క్రూడ్రైవర్ పడిపోతోంది. నీకొచ్చినదే నాకూ వచ్చిందనుకుని నవ్వుకున్నాను. కాదన్నారు. చేతికి సూదులు గుచ్చి చూస్తూ నన్ను బయటికి పంపలేదు. అమ్మ మంచం పక్కన ఒక్కదానివే ఉన్నావు, ఆ టైములో నీకిది చెప్పి ఏం చెయ్యను? అందుకే రేపు, రేపు అన్నాను. నీ చేత అబద్ధం చెప్పించింది నిజమే. తొమ్మిది రోజులు నేనూ నీకు అదే చెప్పాను."

అక్క కింది ఉత్తరానికి వెళ్ళే కీ నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఎడమచేత్తో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకో అని ఒకటి. కొట్టు ఇంకొకరికి ఇచ్చేశాను, సంచీ మాత్రం ఇవ్వలేదు అని ఒకటి. ఈ రోజు చొక్కా గుండీలు నీ మరదలే పెట్టింది, చిన్నప్పుడు నువ్వు పెట్టినట్టు పైదాకా పెట్టి గొంతు బిగించింది అని ఒకటి. రానురాను పొట్టివైపోయాయి. రెండు వాక్యాలు. ఒక వాక్యం. అక్షరాలు తప్పిపోయిన అర వాక్యం.

"ఈ నోర్ముయ్ బటన్ సంగతి వాడికి తెలీదా?" అంది అక్క. "వాడు చేసిందే కదా. కొత్త ఉత్తరం మొదలుపెడితే నాకు కనపడేది కదా."

"తెలుసు," అంది మరదలు. "మూడో ఉత్తరానికే అన్నారు, అక్క ఆ బటన్ నొక్కేసి ఉంటుందని. కొత్తది మొదలుపెట్టండి, కనపడుతుంది కదా అని నేనే అన్నాను. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. వినలేదు. 'వద్దనుకున్నవాళ్ళను వద్దనే హక్కు అక్కకు ఉండాలనే ఆ బటన్ చేసిచ్చాను. ఇప్పుడు నేనే దొడ్డిదారిన దూరితే ఎట్లా? ఎప్పుడో ఒకరోజు తనే అటకెక్కుతుంది, అప్పటికి అన్నీ ఒకచోట దొరకాలి,' అన్నారు."

"నేను నొక్కలేదు," అంది అక్క. "నేను కావాలని నొక్కలేదు. వాడికెవరు చెబుతారిప్పుడు?"

మరదలు ఏడ్చింది. అక్క ఏడవలేదు, కింది కీ నొక్కుతూనే ఉంది. ఇరవై రెండో ఉత్తరం దగ్గర ఆగింది. అందులో అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. మరదలి చేత కొట్టించిందట.

"అక్కా, ఇప్పుడు ఒక్క వేలు మిగిలింది. నీకు సర్దినట్టే నాకూ కీలు సర్దుకున్నాను. ఎక్కువసార్లు చేసే పనికి దగ్గరి కీ ఇవ్వాలని నీకు చెప్పాను కదా. నేను ఎక్కువసార్లు చెయ్యాలనుకునే పని ఒక్కటే. అందుకని ఒక్క కీ చాలు."

ఆ తర్వాత డెబ్భై ఐదు ఉత్తరాలున్నాయి. అన్నింట్లోనూ ఉన్నది ఒకటే మాట.

"అక్కా"

"అక్కా"

"అక్కా"

ఆదివారాలు తప్ప రోజూ. అన్నీ తొమ్మిదీ పదికే. ఆమె సీట్లో కూర్చుని వాడి పేరు కోసం వెతికే సమయానికే.

మరదలు గుడ్డసంచీలోంచి కీబోర్డు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది మీకిమ్మన్నారు," అంది. దాని మీద కీలు లేవు. వేలు వణికి పక్కవాటి మీద పడుతోందని వాడు అన్నీ పీకించేశాడు. పళ్ళూడిన చిగుళ్ళలాంటి ఆ చట్రం మధ్యలో ఒక్క కీ మిగిలింది. దాని మీద అక్షరం అరిగిపోయింది. అది నొక్కితే వాడి కంప్యూటర్లో పాత ఉత్తరం తోక తెరుచుకుని, ఆ ఒక్క మాట పడి, దానంతటదే వెళ్ళిపోయేదట.

అక్క ఆ కీ మీద వేలు పెట్టింది, నొక్కలేదు. "పొద్దున్నే నేను మొహం గంటు పెట్టుకుని కూర్చునేదాన్ని," అంది ఎవరితోనో. "వీడు పిలుస్తూ ఉన్నాడు." అప్పుడు ఏడ్చింది. ఆఫీసులో ఆమె ఏడవగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఇంజినీర్లను గడగడలాడించే గొంతు అది. చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. పై అధికారి గది తలుపు తీసి, చూసి, మళ్ళీ మెల్లగా వేసుకున్నాడు.

చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది. తన కీబోర్డు దగ్గరికి లాక్కుంది. చివరి "అక్కా" తెర మీద ఉంది. జవాబు గడి తెరిచే కీ నొక్కింది. గడి తెరుచుకుంది. తల వంచలేదు. తెర వైపే చూసింది. గీత మిణుకుమిణుకుమంటోంది. ఆరిపోయింది, వెలిగింది, ఆరిపోయింది, వెలిగింది. అది ఉందని నమ్మకం కుదిరేదాకా చూస్తూనే ఉంది. అప్పుడు వాడు మొదటి ఉత్తరంలో అడిగినదే రాసింది.

"ఊఁ."

పంపే కీ నొక్కింది. ఎప్పటిలాగే తర్వాతి ఉత్తరం తెరుచుకుంది, ఎవరి వీధిలోనో మూడు రోజులుగా నీళ్ళు లేవు. మరదలి హ్యాండ్‌బ్యాగులో వాడి ఫోన్ టింగుమంది.

మరదలు బ్యాగు తెరవలేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"వెళ్ళింది," అంది అక్క. "ఈసారి వెళ్ళింది."